టోపీ మండపం

కువైత్‌లో, సాల్మియాలో మా వీధి చివర కొత్తగా పెట్టిన చైనా దుకాణంలో, అమ్మే అమ్మాయి టీ డబ్బా మూత తీయగానే పచ్చి కట్టె కాలిన వాసన గుప్పుమంది. మా అమ్మాయి ముక్కు మూసుకుని, "ఇది టీనా నాన్నా, పొయ్యా?" అంది. ఆ వాసన నాకు తెలుసు. షుఐబాలో నేను పనిచేసిన రేకుల ఆఫీసులో, రోజూ పొద్దున గాజు సీసాలో నానుతూ ఉండే టీ వాసన అది. ఇన్నేళ్ల తర్వాత అది ముక్కుకు తగిలేసరికి, వెనక నుంచి ఎవరో "సుబ్బయ్యా, యల్లా, పద" అని పిలుస్తారని నిజంగానే తిరిగి చూశాను. ఎవరూ లేరు. ముందుకు తిరిగేసరికి, దుకాణం అమ్మాయి చేతిలో ఉన్న మూత మీద ఒక బొమ్మ కనిపించింది. కొండ మీద నాలుగు స్తంభాల మండపం. కప్పు అంచులు నాలుగూ పైకి తిరిగి ఉన్నాయి. అదీ నాకు తెలుసు. ఆ మండపం గురించి మూత మీద ఏం రాసి ఉందో చదవమని ఆ అమ్మాయిని అడిగాను. ఆమె చదివి చెప్పింది విని ఒళ్లు చల్లబడింది. అదేమిటో చివర్లో చెబుతాను. నాకు తెలిసింది కూడా చివర్లోనే కాబట్టి, మీకూ ఆ వరసలోనే చెప్పడం న్యాయం.

నేను డైరీలు రాసే మనిషిని. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఇప్పుడు కూతురి ఇంట్లో విశ్రాంతిగా ఉంటున్న ఈ రోజు వరకు ఒక్క పూట మానలేదు. ఎవరు ఏమన్నారో అన్నది అన్నట్టు రాసుకోవడం అలవాటు. తాంగ్ సార్ మాటలు నాకు ఇంత బాగా గుర్తుండడానికి కారణం అదే. ఆయన మాకు సైట్ ఇంజినీరు. షుఐబాలో చమురు ట్యాంకులు బాగుచేసే ఒక చైనా కాంట్రాక్టు కంపెనీలో నేను పర్మిట్ క్లర్కుని. అక్కడ ఏ పని మొదలుపెట్టాలన్నా ఆ పూటకు ఒక పర్మిట్ ఉండాలి. బాధ్యత గల ఇంజినీరు దాని మీద సంతకం పెడితేనే మనుషులు ట్యాంకులోకి దిగాలి. ఆ కాగితం సిద్ధం చేయడం నా పని, సంతకం పెట్టడం తాంగ్ సార్ పని. పొట్టి మనిషి, మెడ దగ్గర ఎండకు కమిలిన చర్మం, నవ్వితే కళ్లు కనిపించవు. ఆయన ఇంగ్లీషు నాలుగు ముక్కలు, మా వాళ్లది మూడు ముక్కలు. మధ్యలో నేను.

కూలీల్లో ఎక్కువ మంది మా కడప, రాయచోటి వైపు వాళ్లే. ఖైతాన్‌లో గదులు, తెల్లవారుతూనే కంపెనీ బస్సు. వాళ్లకు మేస్త్రీ రాయచోటి ఖాదర్ బాషా. పరంజా కట్టేవాళ్లలో ముందుండేది రెడ్డెప్ప. గల్ఫ్‌లో పని చేసినవాళ్లకు నేను చెప్పనక్కరలేదు, పై అధికారి ముందు నోరు తెరవడం అంటే ఏమిటో. ఆ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కంపెనీ చేతిలో ఉంటుంది. ఒక్క మాట ఎక్కువైతే ఖలాస్, విమానం ఎక్కించేస్తారు. అందుకే తాంగ్ సార్ వచ్చిన కొత్తలో, "పనిలో ఏమైనా ఇబ్బంది ఉందా?" అని అడిగితే అందరూ బూట్ల వైపు చూశారు. "నో ప్రాబ్లం సార్" అని ఒకే గొంతుతో అన్నారు. ఆయన కాసేపు ఆ తలలను, తలల మీద పసుపు హెల్మెట్లను చూసి లోపలికి వెళ్లిపోయాడు.

వారం తిరక్కుండా, విరామం వేళ నీడ కోసం అని చెప్పి, మిగిలిన పరంజా గొట్టాలు, ప్లైవుడ్ పలకలతో ఒక పందిరి కట్టించాడు. నాలుగు గొట్టాలు, పైన కప్పు. ఆ కప్పు అంచులు పైకి లేవాలన్నాడు. ఎందుకో మాకు అర్థం కాలేదు. రెడ్డెప్ప పలకను మూడుసార్లు కోసి మూడుసార్లు తిట్టుకున్నాడు. చివరకు అంచులు లేచాయి. లోపల ఒక గొట్టానికి ఇనుప కొక్కెం వేయించాడు. అప్పుడు అందరినీ కూర్చోబెట్టి కథ చెప్పాడు. నేను తెలుగులో చెబుతూ పోయాను.

"మా ఊరి పక్క కొండ మీద పాత మండపం ఉంది. వందల ఏళ్ల నాటిది. ఒక రాజు తప్పుడు పని చేస్తున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడలేదు. ఒక అధికారి మాత్రం తన పదవి టోపీ తీసి రాజు ముందు పెట్టాడు. టోపీ తీసేశాను, ఇప్పుడు నేను నీ ఉద్యోగిని కాను, మనిషిని, నా మాట విను అన్నాడు. ఉన్నదంతా చెప్పాడు. ఆయన టోపీ ఇప్పటికీ అక్కడే ఉంది. దాని మీదే మండపం కట్టారు. ఇది ఆ మండపం. ఇక్కడికి వచ్చి హెల్మెట్ తీసి ఆ కొక్కానికి తగిలించినవాడు కూలీ కాదు, నేను ఇంజినీరును కాను. ఏమైనా అనొచ్చు. బయటికి వెళ్లాక దాని గురించి నేను అడగను."

ఖాదర్ బాషా గడ్డం గోక్కున్నాడు. "సార్‌ని ఒకటి అడుగు సుబ్బయ్యన్నా. టోపీ తీసి చెప్పినాడు, సరే. రాజు విన్నాడా మరి?"

నేను అడిగాను. తాంగ్ సార్ సీసా మూత తీసి టీ తాగాడు. మళ్లీ మూత పెట్టి, "మండపం కట్టారు కదా" అన్నాడు.

ఆ జవాబు మాకు చాలింది. ఖాదర్ బాషా రెడ్డెప్ప వైపు తిరిగి, "మనకు టోపీ పెట్టినోళ్లను చానామందిని చూసినాం. తీసి పెట్టమనేటోన్ని ఇప్పుడే చూస్తాండాం" అన్నాడు. అందరూ నవ్వారు. అయినా చాలా రోజులు ఎవరూ ఆ కొక్కెం జోలికి పోలేదు. నీడన కూర్చుని ఖుబూస్ రొట్టె తిని, హెల్మెట్ నెత్తిన ఉంచుకునే లేచిపోయేవారు.

మొదట తీసింది రెడ్డెప్పే. ఒక పొద్దున విసురుగా వచ్చి, పందిరి బయట బూట్లు విప్పి, లోపలికి వచ్చి హెల్మెట్ తగిలించాడు. "సార్, నిన్న వచ్చిన పలకలు పుచ్చినాయి. వాటిని ఎవురు తెప్పించినారో ఆయప్పను ముందర ఎక్కమనండి, ఆ పైన మేమెక్కుతాం" అన్నాడు. పలకలు తెప్పించింది తాంగ్ సారే. నేను ఆ మాటను ఇంగ్లీషులో సగం మింగి చెప్పబోతే, "మొత్తం చెప్పు సుబ్బయ్యా" అన్నాడాయన. చెప్పాను. ఆయన లేచి వెళ్లి, ఒక పలకను నేల మీద రెండు రాళ్ల మధ్య పెట్టి, దాని మీద ఎక్కి గెంతాడు. పలక ఫెళ్లున విరిగింది. ఆయన దుమ్ములో కూర్చున్నాడు. ఆయన ఫ్యాంటు దులుపుకుంటూ నవ్వాడు. ఆ పలకలు లారీలో వచ్చిన దారినే వెనక్కి పోయాయి. రెడ్డెప్ప ఇఖామాకు ఏమీ కాలేదు. అది మాకు పలక విరిగిన దానికన్నా పెద్ద వింత.

తాంగ్ సార్‌ను ఆశ్చర్యపరిచింది మాత్రం బూట్లు. "హెల్మెట్ తీయమన్నాను. బూట్లు ఎందుకు?" అని అడిగాడు. నేను రెడ్డెప్పను అడిగితే, వాడు నన్ను వింతగా చూశాడు. "ఏందన్నా అట్లడుగుతావు? ఒక మంచాయన పోయినాక ఆయన పేరు మీద కట్టిండే మండపమంటివి గదా. బూట్లతో ఎట్ల పోయేది?" మా వాళ్లందరూ అదే అనుకున్నారు. చెప్పింది నేనే కాబట్టి నాకూ తప్పని అనిపించలేదు. ఆ మాట విని తాంగ్ సార్ చాలాసేపు పందిరిని చూస్తూ ఉండిపోయాడు. మర్నాటి నుంచి ఆయన కూడా బయట బూట్లు విప్పి, మేజోళ్లతో లోపలికి వచ్చేవాడు. ట్యాంకుల యజమాని కంపెనీ తరఫున భద్రత చూసే తనిఖీదారు ఒకాయన ఒకరోజు అటు వచ్చి, సైటు నడిమధ్యలో ఒక ఇంజినీరూ ఆరుగురు కూలీలూ నెత్తిన హెల్మెట్ లేక, కాళ్లకు బూట్లు లేక కూర్చుని ఉండడం చూసి అరిచాడు. పందిరి చుట్టూ పసుపు గీత గీయించి, ఆ గీత లోపల తప్ప ఇంకెక్కడ హెల్మెట్ లేని తల కనిపించినా ఆ మనిషిని బండెక్కించి గేటు బయట దించేస్తానన్నాడు. ఆ గీత గుర్తుంచుకోండి.

నేను కూడా ఒకసారి తగిలించాను. "సార్, మీ చేతిరాత నాకు అర్థం కాదు, సంతకం ఒక్కటే తెలుస్తోంది" అన్నాను. ఆయన పగలబడి నవ్వి, మర్నాటి నుంచి అచ్చు అక్షరాల్లో రాయడం మొదలుపెట్టాడు. చిన్న విషయమే. కానీ పై అధికారికి ఆయన లోపం ముఖం మీద చెప్పి, తిరిగి నడిచి వచ్చి నా కుర్చీలో నేను కూర్చోవడం నా జీవితంలో అదే మొదటిసారి. ఆ రోజు కాళ్లు తేలిపోతున్నట్టు ఉన్నాయి.

ఇలా ఉండగా ఎండలు ముదిరాయి. కువైత్‌లో మండు వేసవిలో మధ్యాహ్నం వేళ ఆరుబయట పని చేయించకూడదు. ఆ నిబంధన అందరికీ తెలుసు. మా పని ఆలస్యమైంది. సిటీ ఆఫీసులో పెద్ద మేనేజరు ఒక ఉపాయం కనిపెట్టాడు. ట్యాంకు లోపలి పని ఆరుబయట పని కాదు, దానికి కప్పు ఉంది, కాబట్టి మధ్యాహ్నం పర్మిట్ ఇవ్వండి అని కబురు పెట్టాడు. తాంగ్ సార్ సెలవులో ఉన్న రెండు రోజులు ఎవరో వచ్చి సంతకం పెట్టారు. మా వాళ్లు లోపల తుప్పు గీకారు. ఆయన తిరిగి రాగానే రెడ్డెప్ప హెల్మెట్ తగిలించాడు. ఈసారి వాడిలో కోపం లేదు. అందుకే నాకు భయం వేసింది.

"సార్, ఆ ట్యాంకు ఇనుము. పైన ఎండ, చుట్టూ ఇనుము. రొట్టెలు కాల్చే పొయ్యిలో కూర్చున్నట్లుండాది. నిన్న మా వాడొకడు వాంతి చేసుకుని పడిపోయినాడు. నీళ్లు పోసి లేపినాం. ఈ పొద్దు పోతే ఎవుడో ఒకడు లేయడు. నాకు ఇంతే చెప్పాలనుండె."

తాంగ్ సార్ మిట్టమధ్యాహ్నం వేళ తన టీ సీసా తీసుకుని, ఖాదర్ బాషాను మనిషి దూరే రంధ్రం దగ్గర కాపలా పెట్టి, ఒక్కడే ట్యాంకులోకి దిగాడు. నేను బయట నిలబడ్డాను. ట్యాంకు గోడ మీద చెయ్యి పెట్టబోయి వెనక్కి లాక్కున్నాను. లోపల నుంచి చప్పుడు లేదు. ఖాదర్ బాషా "సార్! సార్!" అని పిలుస్తున్నాడు. చివరకు ఒక చెయ్యి బయటికి వచ్చింది. లాగాం. ముఖం ఉడికించిన దుంపలా ఉంది, పెదవులు తెల్లబడ్డాయి. చేతిలో సీసా అలాగే ఉంది, టీ తాగలేదు. పందిరిలో పడుకోబెట్టి నీళ్లు చల్లితే, కళ్లు తెరిచి, "సంతకం లేదు" అన్నాడు. ఆ పూట పని ఆగిపోయింది.

మర్నాడు పెద్ద మేనేజరే వచ్చాడు. ఆయనా చైనా మనిషే, ఇస్త్రీ చొక్కా, కొత్త తెల్ల హెల్మెట్. తిన్నగా పందిరిలోకి బూట్లతో నడిచి వచ్చాడు. మా వాళ్లలో ఎవరో "అయ్యయ్యో" అన్నారు. ఆయనకు అర్థం కాలేదు. పర్మిట్ కాగితం నా చేతిలోంచి తీసుకుని బల్ల మీద పెట్టి, "సంతకం" అన్నాడు. తాంగ్ సార్ పందిరి బయట వంగి, తీరిగ్గా రెండు బూట్లూ విప్పి పక్కపక్కన పెట్టాడు. లోపలికి వచ్చాడు. హెల్మెట్ తీసి కొక్కానికి తగిలించాడు.

ఇన్నాళ్లూ మేం తగిలించడమే చూశాం. ఆయన తగిలించగా ఎప్పుడూ చూడలేదు.

మాట్లాడింది చైనా భాషలో కాదు, ఇంగ్లీషులో. మాకు అర్థం కావాలనే అలా మాట్లాడాడు. "నిన్న నేను లోపల కూర్చున్నాను. ఒక టీ తాగాలనుకున్నాను, తాగలేకపోయాను. మీరు రండి. ఇద్దరం కూర్చుందాం. మీరు ఒక టీ తాగి బయటికి రండి, నేను సంతకం పెడతాను."

మేనేజరు ముఖంలో రంగు మారింది. కానీ ఆయన చూస్తున్నది తాంగ్ సార్‌ను కాదు. కొక్కానికి వేలాడుతున్న హెల్మెట్‌ను, ఆ పైన అంచులు లేచిన ప్లైవుడ్ కప్పును చూస్తున్నాడు. ఆ పందిరి దేనికి నకలో అప్పుడే పోల్చుకున్నట్టున్నాడు. చాలా మెల్లగా, చైనా భాషలో, ఏదో చిన్న ప్రశ్న వేశాడు. తాంగ్ సార్ ఒక్క ముక్కలో జవాబు చెప్పి తల ఊపాడు. మేనేజరు చెయ్యి చాచి ఆ హెల్మెట్‌ను కొక్కెం నుంచి తీసి చంకలో పెట్టుకుని బయటికి నడిచాడు.

మాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. హెల్మెట్ లేని మనిషి పసుపు గీత దాటకూడదు. దాటితే బండెక్కించి గేటు బయట దించేయాలి. ఆయన మా కోసం కట్టించిన పందిరి చుట్టూ గీసిన గీతే ఆయన్ను బయటికి పంపింది. మేనేజరు కబురుతో సెక్యూరిటీ బండి వచ్చింది. రెడ్డెప్ప తన హెల్మెట్ తీసి చాచాడు. తాంగ్ సార్ వద్దని చెయ్యి ఊపాడు. తీసుకుంటే రెడ్డెప్ప కూడా బండెక్కాలి. అప్పుడు ఖాదర్ బాషా తన భుజం మీద టువాలు తీసి, "ఎండ సార్, ఎండ" అంటూ ఆయన తలకు చుట్టాడు. మా ఊళ్లో చేనికి పోయే మనిషిలా తలపాగాతో, బూట్లు తొడుక్కుని, బండి ఎక్కాడు తాంగ్ సార్. కిటికీలోంచి నావైపు చూసి, "సుబ్బయ్యా, టీ డబ్బా నువ్వు ఉంచుకో" అన్నాడు. ఆ వారంలోనే ఆయన్ను దేశం పంపించేశారు. మళ్లీ చూడలేదు. ఫోన్ నంబరు మారిపోయింది.

ఆ పర్మిట్ మీద సంతకం పడలేదు. ఆ మధ్యాహ్నం జరిగింది యజమాని కంపెనీ తనిఖీదారు చెవిన పడింది. ట్యాంకు కప్పు నీడ కిందకు రాదని ఆయన రాసి పంపాడు. ఆ వేసవిలో మా వాళ్లు మధ్యాహ్నం ట్యాంకు దిగలేదు, ఎవరూ పడిపోలేదు. పందిరిని మాత్రం విప్పేశారు. గొట్టాలు మళ్లీ పరంజాల్లో కలిసిపోయాయి. కొక్కెం ఏమైందో నాకు తెలియదు. బొమ్మా రాతా లేని ఆ డబ్బాలోని టీ కొన్నాళ్లు తాగాను, తర్వాత అయిపోయింది.

నేను ఇన్నేళ్లూ ఆయన కథను ఒక మంచి మనిషికి జరిగిన అన్యాయంగానే తలుచుకున్నాను. ఆ మండపంలోని అధికారి కన్నా మా తాంగ్ సార్‌కు అదృష్టం తక్కువ, ఆయన మాట రాజు విన్నాడు, ఈయన మాట మేనేజరు వినలేదు అనుకునేవాణ్ణి. డైరీలో అలాగే రాసుకున్నాను కూడా.

ఇప్పుడు సాల్మియా దుకాణం దగ్గరికి వస్తాను. ఆ అమ్మాయి మూత మీది చిన్న అక్షరాలు చదువుతూ, తడుముకుంటూ ఇంగ్లీషులో చెప్పింది. "ఇది ఒక అధికారి మండపం. రాజుకు నిజం చెప్పాడు. టోపీ తీసి చెప్పాడు."

"ఆ తర్వాత రాజు విన్నాడు కదా?" అన్నాను.

ఆమె తలెత్తి నన్ను చూసింది. "లేదంకుల్. తల తీయించాడు. శరీరం కూడా ఇవ్వలేదు. ఇంటివాళ్లకు టోపీ ఒక్కటే పంపాడు. వాళ్లు ఆ టోపీనే పూడ్చిపెట్టారు. చాలా కాలం తర్వాత ఇంకో రాజు వచ్చి, తప్పు జరిగిందని చెప్పి, దాని మీద మండపం కట్టించాడు. లోపల ఉన్నది టోపీ మాత్రమే." తర్వాత మామూలుగా అడిగింది, "పావు కిలో ఇవ్వనా?"

నేను బల్ల పట్టుకున్నాను. మా అమ్మాయి కంగారుగా "నాన్నా, బీపీనా?" అంటోంది. నా చెవుల్లో వేరే మాట వినిపిస్తోంది. మండపం కట్టారు కదా. ఆయన టోపీ ఇప్పటికీ అక్కడే ఉంది. తాంగ్ సార్ మాకు ఒక్క అబద్ధం చెప్పలేదు. సగం చెప్పి ఊరుకున్నాడు. మొత్తం చెప్పి ఉంటే రెడ్డెప్ప హెల్మెట్ తీసేవాడా? పుచ్చిన పలకల మీదే ఎక్కేవాళ్లు. మాకు ధైర్యం వచ్చేంత భాగం మాకు ఇచ్చి, మిగిలిన భాగం తన దగ్గర ఉంచుకున్నాడు. మేనేజరు ఆ రోజు మెల్లగా అడిగిన ప్రశ్న ఏమిటో కూడా ఇప్పుడు ఊహించగలను. ఈ కథ చివర ఏమవుతుందో తెలుసా అని అడిగి ఉంటాడు. తెలుసు అని ఈయన తల ఊపాడు.

ఇంటికి రాగానే రెడ్డెప్పకు ఫోన్ చేశాను. వాడు ఇప్పుడు రాయచోటి దగ్గర సొంత ఊళ్లో ఉన్నాడు. అంతా విని అడిగాడు.

"అంటే అన్నా, ఆ పొద్దు సార్‌కు తెలుసునా?"

"తెలుసు రెడ్డెప్పా."

"తెలిసే తీసినాడా?"

"తెలిసే తీశాడు."

"నా యబ్బ" అన్నాడు. ఫోన్ మాత్రం పెట్టలేదు. నేనూ పెట్టలేదు.

ఒక్క మాట మిగిలింది. మా భవనం కాపలా చూసే హారిస్ పెద్దవాడు, దాదాపు నా ఈడు. భవనం ఏజెంటు అతని చేత మిట్టమధ్యాహ్నం ఎండలో కార్లు కడిగిస్తున్నాడు. గోడ నీడ పడుతుంది కదా అంటాడు. అడుగుదామని నేను చాలాసార్లు అనుకున్నాను. మా అమ్మాయి, "వద్దు నాన్నా, వచ్చే నెల లీజు రాయించుకోవాలి, ఆయన కాదంటే ఇల్లు వెతుక్కోవాలి" అని ఆపింది. ఆమె చెప్పింది నిజమే. నాకు కష్టమైన మాట చెప్పాల్సి వచ్చినప్పుడల్లా చెయ్యి దానంతటదే నెత్తిన ఉన్న టోపీ మీదికి పోతుంది. షుఐబా తర్వాత అంటుకున్న అలవాటు. టోపీ తీస్తే ఏమీ కాదన్న నమ్మకం అందులో ఉండేది. ఇప్పుడు ఆ నమ్మకం లేదు.

ఈ రోజు మధ్యాహ్నం అమ్మాయితో, "ఆ మాట అడిగి వస్తాను, ఇల్లు వెతుక్కోవాల్సి వస్తే నేనూ వెతుకుతాను" అన్నాను. ఆమె నన్ను చూసి, ఏమనుకుందో, తలుపు తీసి పట్టుకుంది. కిందికి దిగాను. ఏజెంటు ఏసీ గదిలో ఫోన్ చూసుకుంటున్నాడు. అద్దం బయట హారిస్ వంగి చక్రాలు తుడుస్తున్నాడు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచాను. చెయ్యి పైకి లేచి, టోపీ అంచు దగ్గర ఆగింది. అంత సేపు ఎన్నడూ ఆగలేదు. తర్వాత టోపీ తీసి ఆయన బల్ల మీద పెట్టాను.